పల్లె ఇంటికి డిష్షు టి.వి. : కొనుటకు ముందు చూడవలసిన సంగతులు

గేదెను కొనుట ఒక ఎత్తు, మేపుట మరియొక ఎత్తు. ఈ మాట రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినను అదే రైతు పట్టణమునకు పోయి డిష్షు బేరమాడునప్పుడు బాక్సు ఖరీదెంత, బిగింపు కూలి ఎంత అని మాత్రమే అడిగి వచ్చుచున్నాడు. నెలనెలా పెట్టవలసిన మేతను గూర్చి అడుగుట లేదు. "బాక్సు ఉచితము, బిగింపు ఉచితము" అన్న మాటకు సంతోషించి తెచ్చుకొన్న బాక్సు, మూడవ నెలలో రీచార్జి లేక అటక ఎక్కుట పల్లెలలో తరచు చూచుచున్న విషయమే. కనుక ఏ కంపెనీ మంచిదను ప్రశ్నకు ముందు, మన ఇంటికి ఏది అవసరము, మన ఇంటిమీది ఆకాశము దేనికి అనుకూలము, వాన రోజున అది ఎంతవరకు నమ్మదగినది అను మూడు సంగతులు తేల్చుకొనవలెను.

ఉపగ్రహము ద్వారా పల్లెకు టెలివిజను వచ్చుట మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు జరిపిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములు తెలుగులోనే చూపిరి. నాటి డిష్షు కోళ్లదొడ్డికి కట్టు వలవంటి ఇనుప వలతో చేసినది. అడ్డము సుమారు 3 మీటర్లు. ఊరందరికి కలిపి ఒకటే టి.వి. నేడు 60 సెంటీమీటర్ల రేకు డిష్షు ఇంటింటి కప్పు మీద కనిపించుచున్నది. నాటి ఖర్చు ప్రభుత్వము భరించెను, నేటి ఖర్చు ఇంటి యజమాని భరించవలెను. తేడా అక్కడనే ఉన్నది.

ఉచితము, చెల్లింపు

నేడు లభించు డి.టి.హెచ్. సేవలు రెండు రకములు. మొదటిది ప్రసార భారతి వారి డి.డి. ఫ్రీ డిష్. ఇది 2004 డిసెంబరులో డి.డి. డైరెక్ట్ ప్లస్ అను పేరుతో మొదలైనది. డిష్షు, బాక్సు, తీగ కలిపి సుమారు 2,000 రూపాయలలో సమకూరును. ఆ పిమ్మట నెలసరి రుసుము ఏమియు లేదు. నెలకింత కట్టవలెనని ఎవరైన వచ్చి అడిగిన ఇవ్వరాదు. రెండవది ప్రైవేటు కంపెనీల సేవ. టాటా ప్లే (2022కు ముందు టాటా స్కై), ఎయిర్‌టెల్, డిష్ టి.వి., డి2హెచ్, సన్ డైరెక్ట్ ఈ కోవలోనివి. వీనిలో డి2హెచ్ 2018లో డిష్ టి.వి.లో కలిసినను ఆ పేరు అట్లే నిలిచినది. ఇవన్నియు ముందుగా డబ్బు కట్టి చూడవలసినవే.

ఉచితమైనది ఉండగా డబ్బు కట్టుట ఎందుకని కొందరు అడుగుదురు. ఇక్కడ ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పవలెను. ఫ్రీ డిష్‌లో డి.డి. సప్తగిరి, డి.డి. యాదగిరి వచ్చును. 2015 మే 26న ప్రారంభమైన డి.డి. కిసాన్ కూడ వచ్చును గాని అది ప్రధానముగా హిందీలో నడచును. అందులోని ప్రైవేటు ఛానళ్లకు స్థానములను వేలము వేసి ఇత్తురు. వేలములో పాడుకొన్నవారే అందులో ఉందురు. గడువు తీరిన పిదప మరల పాడుకొననిచో తొలగిపోవుదురు. పాడుకొనువారిలో హిందీ ఛానళ్లే ఎక్కువ. కావున ఈ ఏడు కనిపించిన ఛానలు వచ్చే ఏడు కనిపించునన్న భరోసా లేదు. హిందీ తెలియని పెద్దలు, ప్రతిరాత్రి తెలుగు సీరియలు చూచు ఆడవారు ఉన్న ఇంటికి ఈ బాక్సులో సగము పనికిరాదు. ఊరిలో ఫ్రీ డిష్ ఉన్న ఇంటికి ఒక సాయంకాలము పోయి, తెలుగు ఛానళ్లు ఎన్ని వచ్చుచున్నవో కంటితో చూచి రావలెను. కొనునప్పుడు ఎం.పెగ్-4 రకపు బాక్సునే కొనవలెను. పాత ఎం.పెగ్-2 బాక్సు చౌకగా దొరికినను, అందులో కొన్ని ఛానళ్లు రావు.

ఇక చెల్లింపు సేవను గూర్చి. 2019 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారము ప్రతి ఛానలుకు ధర ప్రకటింపవలెను; వినియోగదారుడు తనకు కావలసిన ఛానళ్లను విడివిడిగా కూడ కొనవచ్చును. ఈ హక్కు ఉన్నదని చాలమందికి తెలియదు. అంగడివాడు "ఫ్యామిలీ ప్యాకు" అని ఒక కట్ట చేతికిచ్చును. అందులో మనకు అర్థము కాని భాషల ఛానళ్లు, ఎన్నడును చూడనివి అనేకము ఉండును. కొనుటకు ముందు ఒక వారము రోజులు ఇంటిల్లిపాది ఏమేమి చూచుచున్నారో, లేక పొరుగింట ఏమి చూడబోవుచున్నారో, ఒక కాగితము మీద వ్రాసికొని చూడుడు. సాధారణముగా పది, పదిహేను ఛానళ్లకు మించదు. ఆ కాగితము అంగడిలో చూపి, వీనికి విడిగా ఎంత, ప్యాకుగా ఎంత అని రెండు లెక్కలును వేయించవలెను. ఛానళ్ల ధరపై నెట్‌వర్కు రుసుము, ఆ మొత్తముపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. చేరును. నోటితో చెప్పు ధర ఈ రెండును కలిపినదా, కానిదా అని తప్పక అడుగవలెను. క్రికెట్టు ఛానళ్లు ప్రియమైనవి. ఆటలు లేని నెలలలో వానిని తీసివేయించి, కావలసినప్పుడు మరల చేర్చుకొనవచ్చును. ఇంటి కుర్రవాళ్లు దీనికి ఒప్పుకొందురని మాత్రము మేము హామీ ఇయ్యలేము.

నెలకు 300 రూపాయలు అనుకొన్నచో సంవత్సరమునకు 3,600 అగును. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసల లెక్కన ఇది 13 బస్తాల ఖరీదు. టి.వి. చూడవద్దని దీని భావము కాదు. పగలంతయు పొలములో ఎండకు మాడిన మనిషికి రాత్రి ఒక గంట వినోదము కావలసినదే. అయితే ఆ పదమూడు బస్తాల డబ్బు తెలిసి ఖర్చు పెట్టవలెను గాని, తెలియక జారవిడువరాదు. రీచార్జి చేసిన దినములు, చూచినను చూడకున్నను గడచిపోవును. నాట్ల రోజులలో, కోతల రోజులలో టి.వి. ముట్టని ఇండ్లు చిన్న రీచార్జితో సరిపెట్టుకొని, పంట చేతికి వచ్చిన పిదప పెద్దది చేసికొనుట మేలు. సంవత్సరపు ప్యాకు కొంత చౌక గనుక ఆశ పుట్టును. ఒక వానకాలము గడచి, మన కప్పు మీద ఆ డిష్షు ఎట్లు పనిచేయునో చూచిన తరువాతనే దానికి డబ్బు కట్టవలెను. ఏలయనగా ఒక కంపెనీ బాక్సు వేరొక కంపెనీకి పనికిరాదు. మారదలచిన డిష్షు, తీగ పనికిరావచ్చును గాని బాక్సు మరల కొనవలసినదే.

ఆకాశము, చెట్టు

టి.వి. ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటు తిరుగుచు, మనకు కదలనట్లు కనిపించును. మనము భూమధ్యరేఖకు ఉత్తరమున ఉన్నాము గనుక డిష్షు ఎప్పుడును దక్షిణపు వైపు చూచును. ఫ్రీ డిష్ ప్రసారములు జీశాట్-15 నుండి వచ్చును. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున ఉన్నది. హైదరాబాదు నుండి చూచిన అది ఇంచుమించు ఆగ్నేయ మూలన, నేలనుండి సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉండును. 83 డిగ్రీలయందున్న జీశాట్-10 అయినచో దక్షిణమునకు కొంచెము తూర్పుగా, 69 డిగ్రీల ఎత్తున ఉండును. కంపెనీనిబట్టి దిక్కు మారునని దీనివలన తెలియగలదు. ఇంటికి ఆగ్నేయమున పెద్ద వేపచెట్టు ఉన్నవారికి ఒక సేవ అందకపోయినను మరియొకటి అందవచ్చును.

డిష్షు ముఖము చూచి ఉపగ్రహము ఎక్కడ ఉన్నదో అంచనా వేయరాదు. ఇండ్లపై బిగించు డిష్షు, దాని ముఖము చూపు చోటికంటె చాల పైకి చూచును. కనుక ఎదుటనున్న పిట్టగోడ అడ్డమని భయపడనక్కరలేదు. దగ్గరగానున్న ఎత్తైన చెట్టుకు మాత్రము భయపడవలెను. ఫ్రీ డిష్‌కు ఒక మోటు లెక్క కలదు. డిష్షు కంటె చెట్టు ఎన్ని అడుగులు ఎత్తో, అందులో సగము దూరమునకు లోపల అది ఉన్నచో అడ్డు తగులును. డిష్షు కంటె 40 అడుగులు ఎత్తైన కొబ్బరిచెట్టు ఆ దిక్కున కనీసము 25 అడుగుల దూరమున ఉండవలెను. నేడు అడ్డములేని టేకు మొక్క నాలుగేండ్లకు అడ్డమగును. ఆ సంగతియు ఆలోచించి చోటు ఏర్పరచవలెను.

లెక్కలు ఇష్టపడని వారికి సూర్యుడే కొలబద్ద. మార్చి రెండవ వారమున, మరల అక్టోబరు మొదటి రోజులలో, పగలు సుమారు 11 గంటలకు సూర్యుడు సరిగా జీశాట్-15 ఉన్న చోటికి వచ్చును. ఆ వేళకు డిష్షు పెట్టదలచిన చోట నిలబడి చూడుడు. అక్కడ ఎండ పడిన, దారి తెరపియే. నీడ పడిన, ఆ నీడ దేనిదో అదియే అడ్డు. ఆ దినములలోనే ఆ వేళకు కొన్ని నిమిషములు బొమ్మ చెదరిపోవుటయు కలదు. సూర్యుని వేడిమి తరంగములు ఉపగ్రహ సంకేతముతో కలియుటవలన ఇది జరుగును. దానంతట అదే సరియగును. మెకానిక్కును పిలిచి డబ్బు ఇయ్యనక్కరలేదు.

వాన రోజు

ఇది అన్నిటికంటె ముఖ్యము. డి.టి.హెచ్. సంకేతము క్యూ బ్యాండు తరంగములపై వచ్చును. వీని నిడివి రెండున్నర సెంటీమీటర్ల ప్రాంతము. పెద్ద వాన చినుకులు ఈ తరంగములను పీల్చుకొని, చెదరగొట్టును. తుంపరకు ఏమియు కాదు. కుండపోత వానకు మాత్రము, ఫ్రీ డిష్ కానిండు, వందలు కట్టిన కంపెనీ కానిండు, బొమ్మ ఆగును. "మా దానికి వానలో కూడ ఏమీ కాదు" అని చెప్పు అమ్మకందారుని మాట నమ్మరాదు. 60 సెంటీమీటర్ల డిష్షుకు బదులు 90 సెంటీమీటర్లది పెట్టిన, సంకేతమును పట్టు వైశాల్యము రెండుంబావు రెట్లు పెరుగును. అందువలన వానలో మరికొంతసేపు నిలుచును, అంతే.

తీరప్రాంతపు రైతులు ఈ విషయమును ప్రాణముతో కూడినదిగా ఎంచవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిననాడు పల్లెలో టి.వి. లేదు. నేడు ఉన్నది, కాని తుఫాను మీదికి వచ్చిన గంటలో అది పనిచేయదు. బొమ్మ పోవుటకు ముందే కరెంటు పోవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు కరెంటుతోపాటు సెల్లు టవర్లును పడిపోయినవి. వాతావరణ శాఖవారు తుఫాను తీరప్రాంతమును బాధించుటకు కనీసము 48 గంటల ముందు ఒక హెచ్చరికను, 24 గంటల ముందు అంతకు తీవ్రమైన హెచ్చరికను వెలువరింతురు. టి.వి. బాగుగా పనిచేయు కాలము అదియే. ఆ రెండు దినములలో విన్నది విన్నట్లు నమ్మి, ధాన్యము, పశువులు, పసిపిల్లల సంగతి చూచుకొనవలెను. "రేపు పొద్దున మరల చూచి బయలుదేరుదము" అనుకొన్నచో, రేపు పొద్దున తెర నల్లగా ఉండును. బ్యాటరీతో నడచు చిన్న రేడియో ఒకటి ఇంట ఉంచవలెను. ఆకాశవాణి దానిలో ఇంటివద్ద అందుచున్నదో లేదో మామూలు రోజుననే పరీక్షించుకొనవలెను.

ఊరిలో కేబులు గాని, ఇంటర్నెట్టు తీగ గాని ఉన్నచో వాన వలన ఈ బాధ ఉండదు. అయితే ఒక స్తంభము కూలిన ఊరంతటికి పోవును. దానిని మరల నిలుపువాడు దగ్గరలో ఉన్నాడా లేడా అన్నదే అక్కడ చూడవలసినది.

బిగింపు

డిష్షు రెండు డిగ్రీలు పక్కకు జరిగిన చాలు, బొమ్మ పోవును. కావున వాసాలకు, పెంకుటింటి దూలమునకు, వెదురుకు కట్టరాదు. సిమెంటు కప్పు మీద గాని, గట్టి గోడకు గాని బోల్టులతో బిగించవలెను. తీగ అతుకు లేక ఒకే ముక్కగా ఉండవలెను. ఇంటిలోనికి వచ్చుటకు ముందు దానిని కొంత క్రిందికి వ్రేలాడదీసిన, వాన నీరు అక్కడనే కారిపోవును, బాక్సులోనికి రాదు. ఉరుములు మెరుపులు మొదలగుటకు ముందే కరెంటు ప్లగ్గును, డిష్షు తీగను రెండింటిని ఊడదీయవలెను. ప్లగ్గు మాత్రమే తీసి తీగను వదలిన వారి బాక్సులు కాలిపోవుట కలదు.

మెకానిక్కు వెళ్లుటకు ముందు బాక్సు మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్తు, క్వాలిటీ అను రెండు అంకెలు చూపించుమని అడిగి, తేదీతో గోడమీద పెన్సిలుతో వ్రాసికొనుడు. వీనిలో క్వాలిటీ ముఖ్యము. తరువాత ఎప్పుడైన బొమ్మ చెదరిన, ఆకాశము తేటగా ఉన్ననాడు ఆ అంకెను మరల చూచిన, లోపము వానదో డిష్షుదో తెలియును. అంకె తగ్గియుండిన డిష్షు కదలినదన్నమాట. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ఇది నెలకొకసారి జరుగుచున్నది. అట్టివారు డిష్షును పిట్టగోడ పైన కాక, కోతి ఎక్కి కూర్చొనుటకు వీలులేని గోడ పక్కన బిగించి, చుట్టును ఇనుప వల కట్టవచ్చును. వల మాత్రము డిష్షు చూచు వైపునకు రాకుండ చూచుకొనవలెను.