చెల్లించిన వేగము, చేరిన వేగము

మా మైదుకూరు ప్రాంతమున కర్నూలు-కడప కాలువ క్రింద సేద్యము చేయు రైతునకు ఒక సంగతి చక్కగా తెలియును. సుంకేసుల యొద్ద తుంగభద్ర నుండి వదలిన నీరంతయు కడపటి మడికి చేరదు. ఎచ్చట తగ్గినదో తెలిసికొన దలచినవాడు గట్టు వెంబడి నడచి, తూము వద్ద నొకమారు, పంటకాలువలో నొకమారు, మడిలో నొకమారు చూచును. ఇంటిలోని ఇంటర్నెట్టు మందగించినప్పుడు మనము చేయవలసిన పనియు నిదియే. కాని మనలో పెక్కుమంది మొదటనే కంపెనీవారిని తిట్టుదురు. నేనును అట్లే చేసితిని.

సెకండునకు 100 మెగాబిట్ల వేగమునకై నెలనెలా పింఛను నుండి సొమ్ము చెల్లించుచున్నాను. ఇంటర్మీడియటు చదువుచున్న మా మనుమరాలు సాయంకాలము గణిత పాఠములను ఇంటి నుండియే వినును. లెక్క సగములో నుండగా ఉపాధ్యాయుని బొమ్మ నిలిచిపోవును; మాట తెగిపోవును. ఒకనాటి మధ్యాహ్నము తీగను సరిచూడ వచ్చిన యువకుని వాకిట నిలిపి గట్టిగా మందలించితిని. అతడు, “అయ్యవారూ, ముందు ఇది చూడండి” అని తన లాప్‌టాప్‌ను తీగతో రౌటరునకు తగిలించి చూపెను. వేగము 94. గోడ కావల, పిల్ల కూర్చుండు గదిలో తీగ లేక చూడగా 11. రౌటరు భద్రముగా నుండునని దానిని రాతిగోడ గూటిలో, ఇనుప బీరువా వెనుక పెట్టించినవాడను నేనే! 30 ఏండ్ల ఉద్యోగములో జవాబుపత్రము చదువకుండ మార్కులు వేసి యెరుగను, ఆనాడు వేసితిని. “నాయనా, తప్పు నాది” అని యతనితో చెప్పితిని.

ఇక పద్ధతి వినుడు. మొదట కొలమానము. కంపెనీవారు వేగమును బిట్లలో చెప్పుదురు. ఫైలు దిగునప్పుడు కంప్యూటరు తరచుగా బైట్లలో చూపును. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్లకు చెల్లించినవానికి సెకండునకు 12 మెగాబైట్లు దిగినచో మోసమేమియు లేదు. సోలలతో కొలిచి యిచ్చినదానిని మానికలతో కొలిచి, లెక్క తగ్గినదనుట తగదు.

రెండవది, తీగతో పరీక్ష. ఇంటనున్న తక్కిన ఫోనులను, టీవీని ఇంటర్నెట్టు నుండి తప్పించి, ఒక్క కంప్యూటరును రౌటరునకు తీగతో తగిలించి కొలువవలెను. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి 9 గంటలకు కొలిచి, తేదీతో వ్రాసి పెట్టుకొనవలెను.

తీగతో సరిగానుండి, వైఫైతో తగ్గినచో లోపము మన యింటిలోనిదే. వైఫైకి సాధారణముగా రెండు తరంగ మార్గములు కలవు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము దూరము పోవును. కాని ఇరుగుపొరుగువారి పెట్టెలు దానిలోనే క్రిక్కిరిసి యుండును. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము కలది. కాని మందపు గోడను దాటుట దానికి కష్టము. అందుచేత రౌటరును ఇంటి నడుమ, కొంత ఎత్తున, ఇనుప సామానునకు దూరముగా నుంచుడు. దూరపు గదికి తీగ లాగించుట ఉత్తమము.

తీగతోనే తగ్గినచో ఆ తీగను చూడుడు. దాని లోపల 8 రాగి పోగులుండును. కొన్ని తెగినను వేగము 100 దాటకపోవచ్చును. 200 మెగాబిట్లకు చెల్లించువారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. నెలకు నిర్ణయించిన పరిమితి ముగిసినను వేగము తగ్గును. ఆ తగ్గిన వేగమెంతయో ముందుగా తెలుపవలెనని ట్రాయ్ సంస్థ 2016లో కంపెనీలను ఆదేశించినది.

ఉదయము నిండుగానుండి, రాత్రి మాత్రమే తగ్గినచో, ఊరివారందరు ఒకేసారి తూములెత్తినప్పుడు చివరి ఆయకట్టునకు కలుగు దుస్థితి వంటిదే యది. దానిని సరిదిద్దవలసినవారు కంపెనీవారు. వారు “100 వరకు” అని ప్రకటింతురు. వ్యాకరణము చదివినవానికి తెలియును, ‘వరకు’ అనునది అవధిని చెప్పును గాని హామీని చెప్పదు. 2023 జనవరిలో ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు అనిపించుకొనుటకు నిర్ణయించిన కనీస వేగము 2 మెగాబిట్లు మాత్రమే. ఐనను మనము నోరు మూసికొననక్కరలేదు. 2012 నాటి ట్రాయ్ నియమముల ననుసరించి మన ఫిర్యాదునకు ఒక సంఖ్య నీయవలెను. పరిష్కారము తృప్తి నీయనిచో అప్పీలు చేసికొనవచ్చును.

గూటి నుండి రౌటరును నడవలోనికి మార్చిన పిదప మా పిల్ల గదిలో పగటి వేగము 70 దాటినది. రాత్రివేళ మాత్రము తీగతో కొలిచినను 30 దాటలేదు. ఏడు దినముల కొలతలు పట్టికగా వ్రాసి ఫిర్యాదు పంపితిని. ఈమారు కోపమునకు బదులు లెక్క పంపితిని గనుక, పదునైదు దినములలో ఆ రాత్రి వేగమును సరియైనది. మనుమరాలి లెక్కయు ఇప్పుడు సగములో తెగుట లేదు.

కనుక తిట్టుటకు ముందు కొలువుడు. కొలిచిన పిదప అడుగుటకు వెనుదీయకుడు. సెలవు.