రుద్రజడ: పెరటికి పరిమళము, వంటకు రుచి

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున వేసవి వేడిమి 45 డిగ్రీలకు చేరుట అరుదు కాదు. అట్టి దినములందు సబ్జా గింజలు నానిన నీరు మనవారికి చలువ పానీయము. ఆ గింజలు రుద్రజడ మొక్కవి. అంగడిలో వెలయిచ్చి కొను ఈ సరకును మన పెరటిలోనే పండించుకొనవచ్చును. గింజ యొక్కటియే కాక దీని యాకును వంటకు మిక్కిలి యుపయోగకరమని సభ్యులకు మనవి చేయుచున్నాము.

తులసియను భావముచే కొందఱు దీనిని కూరలో వేయుటకు సంకోచింతురు. రెండును ఒక్క జాతివే గాని వేఱు మొక్కలు. పూజించు తులసిని ముట్టనక్కఱలేదు. ఇటలీలోని జెనోవా పట్టణమువారు రుద్రజడ యాకును వెల్లుల్లి, జున్ను, ఆలివు నూనెలతో నూఱి పచ్చడి చేయుదురు. మనము పప్పు దించునపుడు ఐదాఱాకులు త్రుంచి వేసిన చాలును. ఎక్కువసేపు ఉడికించినచో పరిమళము పోవును.

మృగశిర కార్తెలో నారు పోయవలెను. విత్తనము సన్ననిది గనుక ఇసుకతో కలిపి చల్లి, పలుచగా మన్ను కప్పవలెను. నాలుగైదు జతల ఆకులు వచ్చినపిదప ఎండ తగులు, నీరు నిలువని చోట అడుగు దూరమున నాటవలెను. తల త్రుంచినచో ప్రక్కకొమ్మలు వేయును.

పూత వచ్చినపిదప ఆకు తగ్గును. కావున ఆకు కోరు మొక్కలకు పూవెన్నులను త్రుంచి, గింజకై రెండు మూడు మొక్కలను విడిగా వదలవలెను. వెన్నులు ఎండినపుడు కోసి, నీడన ఆరబెట్టి, నలిపి చెఱగవలెను.

రెండు జాగ్రత్తలు కలవు. బొగ్గుధూళి పడు గ్రామములలో ఆకును బాగుగా కడుగక వాడరాదు. గింజలను పొడిగా మ్రింగరాదు. అవి నీటిలో ఉబ్బునవి గనుక గొంతునకు అడ్డుపడును. పిల్లలకు నానబెట్టియే ఈయవలెను.

కోసిన యాకు త్వరగా వాడును. కొనువారిని విచారింపక పొలమంతయు దీనిని వేయుట తగదు. నూనె తీయుటకై సాగు చేయగోరువారు ముందుగా హైదరాబాదులోని సీమాప్ పరిశోధన కేంద్రమువారి సలహా పొందుట మంచిది. ఇంటి యవసరమునకు పది మొక్కలు చాలును. మిగిలిన విత్తనమును తోడి సభ్యులకు పంచినచో మఱుసటి యేట ఊరిలో ఏ యింటను దీనికి కొఱత యుండదు.