గాజుతొట్టెలో సాగర కాంతి

ఉత్తర తెలంగాణ వాసులకు నీరు అనగానే గోదావరి, మానేరు, కడెం, పెన్‌గంగ స్ఫురిస్తాయి. చేప అనగానే బొచ్చె, రవు, కొర్రమీను గుర్తుకు వస్తాయి. సముద్రం మాత్రం మచిలీపట్నానికో, విశాఖపట్నానికో చుట్టపు చూపుగా వెళ్ళినప్పుడు కళ్ళారా చూసి వచ్చే వింత. కరీంనగర్ నుండి ఏ దిక్కుగా కొలిచినా సమీప సముద్రతీరం 300 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఆదిలాబాద్‌కు ఆ దూరం మరింత ఎక్కువ. అయినప్పటికీ ఒక చిన్న గాజుతొట్టెలో సముద్రాన్ని నిలుపుకోవాలన్న కోరిక ఈ ప్రాంతపు యువతలోనూ కలగవచ్చు. అది అసాధ్యమైన కోరిక కాదు.

ఉప్పునీటిని తయారు చేయవచ్చు. శుద్ధి చేసిన ఆర్.ఓ. నీటిలో అక్వేరియం కోసం ప్రత్యేకంగా తయారైన లవణ మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలిపితే సముద్రజలానికి దగ్గరగా వస్తుంది. వంటకు వాడే ఉప్పు ఇందుకు పనికిరాదు. చేపలనూ తెప్పించుకోవచ్చు. తొట్టెకు తగిన వెలుగును సమకూర్చడమే కష్టం. బజారులో లభించే దీపాలలో అధిక భాగం మనిషి కంటికి అనుకూలంగా రూపొందినవి. సముద్ర జీవుల కోసం తయారైన దీపాలు సామాన్య విద్యార్థికి అందుబాటులో లేని ధర పలుకుతాయి. కావున కొంత ఓపిక, కొంత భౌతికశాస్త్ర పరిజ్ఞానం ఉన్నవారు ఆ దీపాన్ని స్వయంగా నిర్మించుకోవడం మేలు. అందుకు ముందుగా సముద్రంలో వెలుగు ఏ విధంగా ప్రసరిస్తుందో తెలుసుకోవాలి.

సూర్యకాంతిలో ఏడు రంగులూ ఉన్నాయి. అవి నీటిలో ఒకే విధంగా ప్రయాణించవు. ఎరుపును నీరు త్వరగా పీల్చుకుంటుంది. పది మీటర్ల లోతుకు చేరేసరికి ఎరుపు దాదాపు పూర్తిగా అంతరిస్తుంది. తరువాత నారింజ, పసుపు క్షీణిస్తాయి. స్వచ్ఛమైన సముద్రంలో నీలికాంతి మాత్రం వంద మీటర్లకు పైగా చొచ్చుకుపోతుంది. సముద్రపు నీలిమ కేవలం ఆకాశపు ప్రతిబింబమని ఒకప్పుడు భావించేవారు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సర్ సి.వి. రామన్ 1921లో ఓడ ప్రయాణంలో ఈ విషయాన్ని పరీక్షించి, నీటి అణువులు కాంతిని చెదరగొట్టడం వలన కూడా ఆ నీలిమ కలుగుతుందని నిరూపించాడు. ఆ ఆలోచనే క్రమంగా విస్తరించి ఆయనకు 1930లో నోబెల్ బహుమతిని తెచ్చిపెట్టిన పరిశోధనకు దారితీసింది.

మన తొట్టె లోతు ముప్పై సెంటీమీటర్లు. అంత తక్కువ నీరు ఏ రంగునూ వడపోయలేదు. సముద్రంలో పది మీటర్ల నీరు చేసే పనిని ఇక్కడ దీపం కట్టేవాడే చేయాలి. అనగా ఏ జీవి ఎంత లోతు నుండి వచ్చిందో తెలుసుకొని, ఆ లోతుకు చేరే రంగులనే దానికి అందించాలి. తీరానికి దగ్గరగా నిస్సారపు నీటిలో పెరిగే సముద్రపు నాచుకు తెల్లని కాంతి సరిపోతుంది. లోతులో పెరిగే జీవులకు నీలం పాలు ఎక్కువగా ఉండాలి. చేపలకు వెలుగు ఆహారం కాదు. వాటికి పగలు, రాత్రి తెలిస్తే చాలు.

పగడాల విషయం వేరు. పగడపు జీవి శరీరంలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన ఆహారంలో అధిక భాగాన్ని ఆశ్రయమిచ్చిన జీవికే సమర్పిస్తాయి. కాంతి చాలకపోతే పగడం ఆకలితో క్షీణిస్తుంది. వేడి మించితే తనలోని శైవలాలను వెలివేసి పాలిపోతుంది. అయితే ఒక ముఖ్యమైన సంగతిని ఇక్కడే చెప్పడం అవసరం. భారత ప్రభుత్వం 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే పులిని చేర్చిన షెడ్యూలులోనే చేర్చింది. మన సముద్రాల నుండి వాటిని సేకరించడం, అమ్మడం నేరం. ఎవరైనా దుకాణదారుడు రహస్యంగా పగడపు ముక్కను ఇవ్వజూపితే నిరాకరించడమే ఉచితం. అందుచేత ఈ వ్యాసంలో వర్ణించే దీపం ఒక జత క్లౌన్ చేపలు, కొంత సముద్రపు నాచు ఉన్న తొట్టెకు ఉద్దేశించినది. క్లౌన్ చేపలను తొట్టెలలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతులను మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. అట్లా పెరిగిన చేపలను కొంటే సముద్రం నుండి ఒక్క ప్రాణిని కూడా అపహరించినట్లు కాదు.

పూర్వం ఇటువంటి తొట్టెలపై ట్యూబ్‌లైట్లను గాని, 150 వాట్లకు మించిన మెటల్ హాలైడ్ దీపాలను గాని వాడేవారు. మెటల్ హాలైడ్ దీపం వెలుగుతో పాటు కుంపటి వలె వేడిని కూడా కురిపిస్తుంది. మండువేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటే రామగుండం, ఆదిలాబాద్ వంటి చోట్ల ఆ దీపం క్రింద చేప బ్రతకడం కష్టం. ఎల్.ఇ.డి. వచ్చాక ఈ పరిస్థితి మారింది. ఎరుపు, ఆకుపచ్చ ఎల్.ఇ.డి.లు చాలాకాలంగా ఉన్నా, ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. 1990 దశకంలో గాని సాధ్యపడలేదు. దానిని సాధించిన అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. నేడు మన ఇళ్ళలో వెలిగే తెల్లని ఎల్.ఇ.డి. కూడా నిజానికి పసుపు రంగు ఫాస్ఫర్ పూత పూసిన నీలి ఎల్.ఇ.డి.యే.

ఇక నిర్మాణం. తొట్టె పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుందాం. దీనికి మూడు వాట్ల తరగతికి చెందిన ఎల్.ఇ.డి.లు పన్నెండు చాలు. వాటిలో ఆరు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల నీలివి, ఆరు చల్లని తెలుపువి. ఇవి నక్షత్రాకారపు చిన్న అల్యూమినియం బిళ్ళలపై అమర్చి దొరుకుతాయి. ఒక్కొక్క రంగులోని ఆరింటినీ ఒకదాని వెనుక ఒకటిగా శ్రేణిలో కలపాలి. ఒక్కొక్కటి సుమారు 3.3 వోల్టులు తీసుకుంటుంది కనుక ఆరింటికి సుమారు 20 వోల్టులు కావాలి. ప్రతి శ్రేణికి 700 మిల్లీఆంపియర్ల స్థిర ప్రవాహాన్ని ఇచ్చే డ్రైవర్ ఒకటి, కాంతిని తగ్గించే సదుపాయం ఉన్నది, విడిగా ఉండాలి. రెండు శ్రేణులూ కలిసి సుమారు 28 వాట్లు వినియోగిస్తాయి. రోజుకు తొమ్మిది గంటలు వెలిగినా నాలుగు రోజులకు ఒక యూనిట్ ఖర్చు.

స్థిర వోల్టేజీకి బదులు స్థిర ప్రవాహం ఎందుకన్న సందేహం కలగవచ్చు. ఎల్.ఇ.డి.లో వోల్టేజీ రవ్వంత పెరిగినా ప్రవాహం ఎంతో పెరుగుతుంది. పైగా అది వేడెక్కినకొద్దీ తక్కువ వోల్టేజీకే ఎక్కువ ప్రవాహాన్ని అనుమతిస్తుంది. ప్రవాహం పెరిగితే వేడి, వేడి పెరిగితే ప్రవాహం ఒకదానినొకటి రెచ్చగొట్టుకొని చివరకు దీపం మాడిపోతుంది. డ్రైవర్ ఈ ఉరుకును అదుపు చేస్తుంది.

తీగలను టంకం పెట్టడం ఓపికతో చేయవలసిన పని. వెండి తీగలను వెంట్రుక వలె సన్నగా సాగదీసి, మెలితిప్పి అతికే కరీంనగర్ ఫిలిగ్రీ పనివారిని ఒకసారి గమనిస్తే ఆ ఓపిక ఏమిటో బోధపడుతుంది. బిళ్ళలను లోహపు పట్టీపై బిగించక ముందే వాటి కొసలకు కొద్దిగా టంకం పూయాలి. బిగించిన తరువాత పూయబోతే పట్టీ వేడినంతా లాగేసుకొని టంకం అంటుకోదు. ధన, ఋణ ధ్రువాలను మల్టీమీటర్‌తో సరిచూసుకోవాలి. ఒక్కటి తిరగబడినా ఆ శ్రేణి మొత్తం వెలగదు.

ఎల్.ఇ.డి. చల్లగా ఉంటుందన్నది ఒక అపోహ. అది స్వీకరించిన విద్యుత్తులో సుమారు సగం వేడిగానే మారుతుంది. ఆ వేడి కాంతితో పాటు క్రిందికి రాక, వెనుకవైపు నిలుస్తుంది. కావున దానిని వెనుక నుండే తొలగించాలి. ఇందుకు రెక్కలున్న అల్యూమినియం హీట్ సింక్ వాడాలి. కిటికీలు చేసే దుకాణంలో మిగిలిన దళసరి అల్యూమినియం పట్టీ కూడా చిన్న తొట్టెకు పనికివస్తుంది. బిళ్ళకూ పట్టీకీ మధ్య ఉష్ణవాహక లేపనం పలుచగా రాయాలి. గంటసేపు వెలిగించి, ప్లగ్గు తీసి, పట్టీపై వేలు పెట్టి చూడండి. అయిదు సెకన్లు ఉంచలేకపోతే పట్టీ చాలదని అర్థం. అప్పుడు పెద్ద పట్టీ గాని, చిన్న ఫ్యాను గాని అమర్చాలి.

ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. ఈ వ్యాసంలో అన్నింటికంటె ముఖ్యమైన మాట ఇదే. 230 వోల్టుల విద్యుత్తు చేరే డ్రైవర్లను తొట్టె పైన ఎన్నడూ ఉంచరాదు. వాటిని ప్రక్కన గోడకు బిగించి, తక్కువ వోల్టేజీ తీగలను మాత్రమే దీపం వరకు తేవాలి. ప్లగ్గుకు చేరే ముందు తీగ ఒకసారి క్రిందికి వ్రేలాడి తిరిగి పైకి వెళ్ళేటట్లు అమర్చితే, తీగ వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోక నేలపై పడుతుంది. ఆ సాకెట్‌కు ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. విద్యుత్తు పనిలో అనుభవం లేని విద్యార్థి ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్ చేత చేయించడమే వివేకం. దీపానికీ నీటికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ పలక ఉండాలి. గాలి బుడగలు పగిలినప్పుడు ఎగిరే తుంపరలు ఆరిపోయి ఉప్పు పొరగా పేరుకుంటాయి. ఆ పొర లోహాన్ని తినేస్తుంది, వెలుగునూ అడ్డుకుంటుంది. కనుక వారానికొకసారి తడిగుడ్డతో పలకను తుడవాలి.

ఈ దీపానికి అందే విద్యుత్తును గూర్చి ఒక ముచ్చట. రామగుండంలో 1983 నుండి జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రంలో విద్యుత్తు ఉత్పత్తి ప్రారంభమైంది. దానికి ఆధారం సింగరేణి బొగ్గు. సుమారు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం గోదావరి లోయలో పెరిగిన వృక్షాలు కూడబెట్టుకున్న సూర్యరశ్మియే ఆ బొగ్గు. ఆ పాత ఎండే నేడు నీలిరంగు పులుముకొని మన తొట్టెలోని నాచును పెంచుతున్నదని తలచుకుంటే ముచ్చట కలుగుతుంది.

దీపం సిద్ధమైన వెంటనే పూర్తి వెలుగుతో వెలిగించాలన్న తొందర అందరికీ ఉంటుంది. ఎక్కువమంది చేసే పొరపాటు అదే. దీపాన్ని నీటికి 20 నుండి 30 సెంటీమీటర్ల ఎత్తున వ్రేలాడదీసి, మొదటి వారం పూర్తి శక్తిలో నాలుగవ వంతుతో వెలిగించి, మూడు వారాలలో క్రమంగా పెంచాలి. మసక వెలుగుకు అలవాటుపడిన నాచు ఒక్కసారిగా తీక్షణకాంతి తగిలితే తెల్లబడిపోతుంది. అవసరానికి మించిన వెలుగు గాజుపై జిగురు నాచును కూడా పెంచుతుంది. గాజు త్వరగా పచ్చబడుతుంటే దీపాన్ని పెంచవద్దు, తగ్గించండి. చేపలకు వేసే మేత ఎక్కువవుతున్నదేమో కూడా చూసుకోవాలి. ఉదయం నీలిదీపం, గంట తరువాత తెల్లదీపం, సాయంత్రం తిరిగి నీలం ఒక్కటే ఉండేటట్లు రెండు టైమర్లు పెడితే చేపలు బెదరవు. మొత్తం మీద ఎనిమిది, తొమ్మిది గంటల వెలుగు చాలు.

వేసవిలో ఈ క్రమాన్ని మార్చాలి. తొట్టె నీరు 24 నుండి 27 డిగ్రీల మధ్య ఉండటం మంచిది. మిట్టమధ్యాహ్నపు ఎండకు దీపపు వేడి కూడా తోడు కాకుండా, వెలుగు సమయాన్ని రోజుకు అరగంట చొప్పున జరుపుతూ సాయంత్రం నాలుగు నుండి అర్ధరాత్రి వరకు మార్చుకోవచ్చు. జీవులకు కావలసినది క్రమం తప్పని పగలు, రాత్రి. ఆ పగలు మన గడియారంతో ఏకీభవించనక్కరలేదు. దీనితో పాటు నీటి ఉపరితలంపై ఒక చిన్న ఫ్యాను గాలి తగిలేటట్లు చేయాలి. మట్టి రంజనులో నీరు చల్లబడే సూత్రమే ఇది. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకొని పోతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న విశాఖలో గాలి తేమగా ఉండటం వలన ఈ ఉపాయం అంతగా ఫలించదు. ఆదిలాబాద్ ఎండుగాలిలో మాత్రం నీటిని రెండు మూడు డిగ్రీలు సులభంగా చల్లబరుస్తుంది. సముద్రానికి దూరంగా ఉండటం ఈ ఒక్క విషయంలో మనకు కలిసివచ్చింది.

అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. ఇసుక, రాళ్ళు పోను తొట్టెలో 45 లీటర్ల నీరుందనుకుంటే, మే నెలలో రోజుకు ఒక లీటరు ఆవిరైనా మూడు రోజులలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు 37.5 గ్రాములవుతుంది. చేపకు ఆ మార్పు హాని చేస్తుంది. తొట్టె నింపిన రోజుననే నీటిమట్టం వద్ద గాజుపై ఒక గీత గీసి ఉంచండి. ప్రతి ఉదయం ఆ గీత వరకు ఉప్పు కలపని మంచినీటిని, చేపల మీద పడకుండా, నెమ్మదిగా పోయాలి.