పంటి తొడుగు ఊడినప్పుడు లవంగ తైలం వాడవచ్చునా?

పంటికి వేయించుకున్న లోహపు తొడుగు, అనగా క్యాప్, ఊడివస్తే ఆ చోట లవంగ తైలం అద్దవచ్చునా అని పలువురు గృహిణులు నన్ను అడుగుతుంటారు. గురుకులంలో పంటిపోటుకు లవంగాన్ని వాడడం నేర్చినవాడనే. అయినప్పటికీ ఈ సందర్భంలో తొందరపడవద్దన్నదే నా సలహా. కారణం వివరిస్తాను.

తొడుగును పంటికి పట్టి ఉంచడానికి దంతవైద్యులు వాడే వాటిలో రెజిన్ సిమెంటు ఒకటి. ఇందులోని చిన్న అణువులు గొలుసులుగా పెనవేసుకొని గట్టిపడతాయి. అయితే నున్నని లోహాన్ని అది తనంత తానుగా గట్టిగా పట్టుకోదు. ఇత్తడి పాత్రకు కళాయి పూసేవారు ముందుగా దానిని తోమి, నవాసారం వేసి, మలినం పోగొట్టిన పిదపనే తగరం పూస్తారు గదా! ఇక్కడా అంతే. తొడుగు లోపలి భాగంపై సన్నని అల్యూమినా పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి గరుకు చేస్తారు. నికెల్-క్రోమియం మిశ్రలోహంపై సహజంగా ఏర్పడే ఆక్సైడు పొరను, 1980ల ఆరంభంలో జపానులో రూపొందిన ఎం.డి.పి. అనే పదార్థం పట్టుకుంటుంది. బంగారంపై అట్టి పొర ఏర్పడదు. కావున బంగారు మిశ్రలోహానికి పలుచని తగరపు పూత గానీ, గంధకం గల ప్రత్యేక ద్రవం గానీ పూయవలసి ఉంటుంది.

లవంగ తైలంలో ప్రధానమైనది యూజినాల్. నొప్పిని తగ్గించేది అదే; రెజిన్ అణువుల గొలుసు సాగకుండా ఆపి, సిమెంటు గట్టిపడడానికి అడ్డుపడేదీ అదే. పంటిపై తైలం మిగిలి ఉండగా తొడుగు అతికిస్తే పట్టు సన్నగిల్లి మరల ఊడవచ్చును. సిమెంటు పూర్తిగా గట్టిపడిన తరువాత మాత్రం భోజనానంతరం ఒక లవంగం నమలడానికి ఈ అభ్యంతరం లేదు.

తొడుగు ఊడినప్పుడు పాటించవలసినవి:

1. తొడుగును నీటితో కడిగి చిన్న డబ్బీలో భద్రపరచవలెను. లోపలి భాగాన్ని పిన్నుతో గీకకూడదు.

2. ఇంట్లో వస్తువులు అతికించే జిగురుతో దానిని అంటించుకోకూడదు. వదులుగా తగిలించుకొని నిద్రించకూడదు. గొంతులోకి జారే ప్రమాదం ఉన్నది.

3. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, ఆ వైపు నమలకుండా ఉండవలెను.

4. రెండు మూడు రోజులలో దంతవైద్యుని చూడవలెను. తొడుగు క్రింద పన్ను పుచ్చినందువల్ల కూడా అది ఊడి ఉండవచ్చును. వాపు, జ్వరం ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

నొప్పి భరించలేక ఇదివరకే లవంగ తైలం అద్ది ఉంటే ఆ సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పండి. పంటిని బాగుగా శుభ్రపరచి, తగిన సిమెంటును ఎంచుకోవడానికి ఆ ఒక్క మాట ఆయనకు ఎంతో ఉపకరిస్తుంది.