బరాత్ గుర్రం కాదు, బడి గుర్రం!

మా ఇబ్రహీంపట్నంలో గుర్రం కనబడిందంటే ఎవరింట్లోనో పెండ్లి అని లెక్క. దాని మీద ఊరేగేది పెండ్లికొడుకు. ఆడవాళ్లం బ్యాండు వెనకాల నడిచేవాళ్లం. అందుకే హైదరాబాద్ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "అమ్మా, మా బడిల గుర్రపుస్వారీ టీం పెడుతున్నరు, నువ్వు సంతకం పెడితే నేను గూడ చేరుత" అని ఫోన్ చేస్తే నా గుండె గుభేలుమంది.

"పెండ్లి గావలసిన పిల్ల! కిందపడి కాలో చెయ్యో ఇరిగితె ఎవరు చేసుకుంటరు?" అని మా అత్తమ్మ ఒకటే గోల. నిజం చెప్పొద్దూ, నా భయమూ అదే. పది రోజులు ఆ కాగితం బీరువాలోనే ఉండిపోయింది.

చివరికి నేనే వెళ్లి చూశాను. పిల్లల్ని రాగానే గుర్రం ఎక్కించడం లేదు. ముందు దాని ఒళ్లు తోమాలి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు లేనిదే జీను ముట్టుకోనివ్వరు. మడమ లేకపోతే పాదం రికాబులోకి జారి ఇరుక్కుంటుందట. "పడరని మాట ఇవ్వలేనమ్మా. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వనని మాత్రం మాటిస్తా" అన్నాడు నేర్పే మాస్టారు. ఆ మాటే నాకు నచ్చింది.

ఇంకో సంగతి తెలుసా? ఒలింపిక్స్‌లో ఈ ఆటకు ఆడ, మగ అని వేరు పోటీలు లేవు. డ్రెసాజ్ అనే విభాగంలో ఆడవాళ్లను మొదటిసారి రానిచ్చింది 1952లో. ఆ ఏడే పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిన డెన్మార్క్ వనిత లిస్ హార్టెల్ వెండి పతకం గెలిచింది! 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం 41 ఏళ్ల తర్వాత గుర్రపుస్వారీలో బంగారం గెలిచింది. నలుగురి జట్టులో ఇద్దరు అమ్మాయిలే. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. దివ్యకృతి స్వారీ మొదలుపెట్టింది బడిలోనే.

మరి ఖర్చు? గుర్రాన్ని కొని మేపడం మనలాంటి ఇళ్లల్లో అయ్యే పనేనా? అమెరికాలో 2002లో మొదలైన బడిపిల్లల పోటీల సంఘం దీనికో ఉపాయం చేసింది. పిల్లలెవరూ గుర్రాన్ని తేనక్కర్లేదు. పోటీ పెట్టినవాళ్ల గుర్రాల్లో చీటీకి వచ్చినదాన్ని ఎక్కాలి. గెలిపించేది గుర్రం ధర కాదు, పిల్ల నేర్పు. మన దగ్గర ఎన్.సి.సి.లోనూ గుర్రాల విభాగం ఉంది. కాలేజీకి వెళ్లే అమ్మాయిలున్న తల్లులు ఓసారి వాకబు చేయండి. స్కూల్లో చేర్పించేముందు హెల్మెట్లు, నేర్పేవారి అనుభవం, దగ్గర్లో వైద్యం, మూడూ అడగండి. ఫీజు సంగతి ఆ తర్వాత.

నేను సంతకం పెట్టాను. భయం పోయిందని కాదు, నా భయాన్ని దాని కాళ్లకు కట్టడం న్యాయం కాదని.

అత్తమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది. మూడో రోజు తనే ఫోను లాక్కుని, "బిడ్డా, ఎక్కుతె ఎక్కు గని, ఆ టోపీ గట్టిగ కట్టుకో" అంది.