ఒక దినప్రయాణము – విశాఖ నుండి బొబ్బిలికి



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘాలలో ఏ ఇంటి గుమ్మం ఎక్కినా ఒక మాట వినబడుతుంది: "పిల్లలు విశాఖపట్నంలో ఉన్నారండి." చదువుకని, ఉద్యోగానికని, కూలిపనికని మన బిడ్డలు పట్నం చేరారు. వయసు మళ్ళిన తల్లిదండ్రులు, మేనత్తలు, పెద్దమ్మలు ఊళ్ళోనే మిగిలారు. దారి చూస్తే మూడు గంటలు. అయినా క్రిస్మసుకో, ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడో తప్ప ఆ దారిన వెళ్ళడం లేదు. తల్లిదండ్రులను సన్మానింపుమన్న ఆజ్ఞ మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. అది ఆచరణలోకి రావాలంటే మాత్రం ఒక తేదీ, ఒక బండి, ఒక అన్నం గిన్నె కావాలి.

అందుకే ఈ నెల ఒక్కరోజులో వెళ్ళి వచ్చే ప్రయాణం గురించి వ్రాస్తున్నాము. మాకు బాగా తెలిసిన దారి విశాఖ నుండి బొబ్బిలికి గనుక దానినే ఉదాహరణగా తీసుకున్నాము. మీ ఊరు రాజాం కావచ్చు, పాలకొండ కావచ్చు, టెక్కలి కావచ్చు. పద్ధతి ఒక్కటే.

ముందు కూర్చుండి లెక్క చూచుకొనుట

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనడా అని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో అడిగారు. ప్రయాణానికీ అదే వర్తిస్తుంది. విశాఖ నుండి ఆనందపురం, తగరపువలసల మీదుగా విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. అక్కడ నుండి గజపతినగరం, రామభద్రపురం మీదుగా బొబ్బిలి మరో 60 కిలోమీటర్లు. రానూపోనూ 240 అనుకోండి. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 15 లీటర్ల పెట్రోలు పడుతుంది. ఆనాటి ధరతో హెచ్చవేసి, అద్దె బండి అయితే అద్దె, డ్రైవరు బత్తా కలుపుకోండి. వచ్చిన మొత్తాన్ని అన్నదమ్ములు, అప్పచెల్లెళ్ళు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. అప్పు చేసి మాత్రం వెళ్ళకండి. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ వైపు వెళ్ళే రైలు మార్గం మీదనే బొబ్బిలి ఉన్నది. బండి పెట్టుకోలేనివారు రైలులోనో, ఆర్టీసీ బస్సులోనో వెళ్ళవచ్చు. ఎదురుచూసే కళ్ళకు మీరు ఎందులో వచ్చారన్నది పట్టదు.

రోజు ఏది? శనివారం మంచిది. ఆదివారం ఆరాధన ఎగగొట్టి చేసే ప్రయాణం పిల్లలకు ఏమి నేర్పుతుందో ఆలోచించండి. ఆదివారమే తప్ప వీలుకాదంటే పెద్దలతో కలిసి వారి మందిరంలోనే ఆరాధించండి. మనుమడి పక్కన కూర్చుని కీర్తన పాడడం ఏ తాతకు చేదు?

కాలం ఏది? డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు చల్లగా ఉంటుంది. అయితే తెల్లవారుజామున మంచు పట్టి దారి కనబడదు. మంచు విడిచాకనే బయలుదేరండి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ఎలా చెరిపివేశాయో మనమెవరమూ మరువలేదు. వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో సిరిమాను ఉత్సవానికి జనం పోటెత్తుతారు. బండి కదలదు గనుక ఆ రోజు విడిచిపెట్టండి. సంక్రాంతి ముందురోజులూ అంతే.

దారి చెప్పే సంగతులు

పిల్లలు బండి ఎక్కగానే ఫోను చేతిలోకి తీసుకుంటారు. దారిలో చెప్పడానికి మనకు సంగతులు లేకనా?

బయలుదేరే ఊరితోనే మొదలుపెట్టండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగులోకి మార్చే పనికి పూనుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడైనాడు. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో ప్రభువునందు నిద్రించారు. వారు కష్టపడిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని చేతపట్టుకునే భాగ్యం వారిద్దరికీ లేకపోయింది. ఈనాడు మన ఒళ్ళో ఉన్న తెలుగు బైబిలు కథలో అది తొలి అధ్యాయం.

తగరపువలస వద్ద గోస్తని నది దాటుతాము. ఆ నది సముద్రంలో కలిసే చోటనే భీమునిపట్నం. కెనడా బాప్తిస్టు మిషనరీలు 1875లో అక్కడ పని ప్రారంభించారు. 1879లో జార్జి చర్చిల్, మటిల్డా చర్చిల్ దంపతులు బొబ్బిలి చేరుకున్నారు. అప్పటికి ఇటు రైలు లేదు, తారురోడ్డు లేదు. ఎడ్లబండ్ల మీద, పల్లకీలలో రాత్రంతా ప్రయాణం చేసిన రోజులవి. మటిల్డా చర్చిల్ దశాబ్దాలపాటు బొబ్బిలిలోనే ఉండి, ఆడపిల్లల చదువుకు పాటుపడ్డారు. ఆమె వ్రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వెలువడ్డాయి. భారతదేశంలోని నా ఇంటి నుండి అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. ఆమె ఇల్లు అని పిలిచినది బొబ్బిలినే. అక్కడే పుట్టి పెరిగిన మనవారు ఆ ఇంటిని మరచిపోవచ్చునా?

విజయనగరంలో టిఫిను తీసుకుని, కోట, గంటస్తంభం చూపించి ముందుకు సాగండి. గజపతినగరం దగ్గర చంపావతి నది వస్తుంది. రామభద్రపురం కూరగాయల సంతకు పేరుపొందిన ఊరు. పెద్దలకు కావలసిన కూరలు తాజాగా అక్కడే కొనవచ్చు.

బొబ్బిలిలో చూడదగినవి

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువారు లేరు. ఇరుగుపొరుగు సంస్థానాలైన విజయనగరం, బొబ్బిలిల మధ్య పగ పెరిగి, విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని వచ్చాడు. కోట కూలింది. శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలి స్త్రీలు, పిల్లలు తమవారి చేతులలోనే ప్రాణాలు విడిచారు. కొద్ది రోజులలోనే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును చంపాడు. పాటలలో, సినిమాలో వీరత్వాన్ని చూచాము. యుద్ధ స్మారక స్తంభం దగ్గర నిలబడినప్పుడు పిల్లలకు మరొక మాట కూడా చెప్పండి. గంటన్నర ప్రయాణంలో ఉన్న రెండు ఇండ్ల మధ్య సమాధానపడేవారు లేకపోతే పసిపిల్లలు బలైపోయారు. మన కుటుంబాలలో గట్టు తగాదాలకు, పెండ్లి పిలుపుల దగ్గర వచ్చిన అలకలకు మాటలు మానుకున్నవారు ఉన్నారు గదా. ఆ రోజే వారి గుమ్మం కూడా ఎక్కి రండి.

బొబ్బిలికి దగ్గరలోని గొల్లపల్లి వీణల ఊరు. ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేయడం అక్కడి పనివారి విద్య. సంస్థానాధీశుల ఆదరణలో పెరిగిన ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తంతివాద్యాలతో దేవుని స్తుతించమని కీర్తనలలో చదివే పిల్లలకు ఒక తంతివాద్యం ఎలా పుడుతుందో చూపండి. పనివారి సమయాన్ని గౌరవించి, అడిగి లోనికి వెళ్ళండి. చిన్న బొమ్మ వీణ ఒకటి కొన్నా వారికి ఆసరా. రాజుగారి కోటలోనికి ప్రవేశం ఉన్నదో లేదో ముందే విచారించుకోవడం మంచిది.

పెద్దలకే మొదటి పాలు

ఇవన్నీ చూడాలని పెద్దలను చివరి అరగంటకు నెట్టివేయకండి. ఊరు చేరగానే మొదట వారి ఇల్లే.

బొబ్బిలిలో మా కుటుంబానికి పెద్దదిక్కు ఒక అమ్మగారు ఉన్నారు. యౌవనంలో బైబిలు స్త్రీగా పల్లెపల్లెకు నడిచిన పాదాలు ఆమెవి. ఇప్పుడు ఎనభై దాటాయి. తొమ్మిదింటికి వస్తామని ఫోనులో చెప్పినా, ఆరింటికే అరుగు మీద కూర్చున్నారని పక్కింటివారు మాతో అన్నారు. అందువలన మీరు నిజంగా చేరగల సమయమే చెప్పండి. ఆలస్యమైతే దారిలోనుండే కబురు చేయండి. వంట వద్దని ముందే చెప్పి, పులిహోర, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు మీరే పట్టుకెళ్ళండి. మా అమ్మగారు అప్పటికీ చారు కాచి ఉంచారు. ఆ చారు కాదనకుండా తాగాము.

మాటలతో పాటు కొన్ని పనులూ ఉన్నాయి. మందుల చీటీ చూడండి. ఏ మందు అయిపోయిందో, ఏది రెండుసార్లు వేసుకుంటున్నారో కనుక్కోండి. పింఛను అందుతున్నదా? బ్యాంకు పుస్తకం సరిగా ఉన్నదా? స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ ఉన్నదా? బైబిలు చేతికిచ్చి ఒక వచనం చదవమనండి. అక్షరాలు మసకగా ఉన్నాయంటే శుక్లాలేమో చూపించాలి. మా అమ్మగారు వచనాలు చూడకుండానే అప్పచెబుతారు గనుక ఆమెకు చూపు తగ్గినట్టు ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పుస్తకం తిరగేసి పట్టుకున్నప్పుడే మాకు తెలిసింది. కంటి సేవ మన ప్రాంతానికి కొత్తది కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గలిసన్ చేసిన సేవ గురించి విన్నవారే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను ప్రారంభించారు. శుక్లం తీయించుకుంటే పోయిన చూపు తిరిగి వస్తుంది. దానికి వెంటబెట్టుకుని వెళ్ళే మనిషి కావాలి, అంతే.

భద్రముగా వెళ్ళి భద్రముగా వచ్చుట

డ్రైవరు ముందురాత్రి కంటినిండా నిద్రపోవాలి. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాని చేతికి బండి ఇవ్వకండి. ఐదుగురి కారులో ఎనిమిదిమందిని కుక్కకండి. సీటు బెల్టు వెనుక కూర్చున్నవారు కూడా కట్టుకోవాలి. అది చట్టమే. చిన్నబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూర్చోవడం ప్రేమ కాదు, ప్రమాదం. టైర్లు, బ్రేకులు, లైట్లు, స్టెప్నీ ముందురోజే చూపించండి.

పండుగ ముగించుకుని వస్తున్న యోసేపు మరియలు బాలుడు గుంపులో ఉన్నాడనుకుని ఒక దినప్రయాణం సాగిపోయారని లూకా సువార్త 2వ అధ్యాయంలో ఉన్నది. నీతిమంతులకే అట్లు జరిగినది గదా! ఆగిన ప్రతిచోటా, బండి కదిలేముందు తలలు లెక్కపెట్టండి. ఆ పనికి ఒకరిని నియమించండి.

మూడు గంటలకల్లా బొబ్బిలి విడిచిపెట్టాలి. చలికాలంలో ఐదున్నరకే పొద్దు వాలుతుంది. చీకటి పడేలోపు విజయనగరం దాటితే మేలు. ఊరిలోని పెద్దలకు ఒక మనవి: "ఇంకాసేపు ఉండండమ్మా" అని మీ ప్రాణం కొట్టుకుంటుంది, మాకు తెలుసు. అయినా బిడ్డలను వెలుగుండగానే సాగనంపండి.

దారిలో ఎవరైనా దెబ్బతగిలి పడి ఉంటే ఎదుట ప్రక్కగా దాటిపోకండి. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 నుండి ఉన్నది. జాతీయ రహదారి మీద 1033కు కూడా చేయవచ్చు. పోలీసు కేసు చుట్టుకుంటుందని జంకేవారు ఒకటి తెలుసుకోవాలి. గాయపడినవానికి సదుద్దేశంతో సాయపడినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడా అట్టివారికి రక్షణ కల్పించింది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టరాదు. యెరికో దారిలో సమరయుడు చేసిన పనికి మన దేశపు చట్టం తోడుగా నిలిచింది. ఆగే మనసే మనకు కావాలి.

ప్రియులారా, రేపు ఫలానా పట్టణానికి వెళ్తామని చెప్పుకునేవారిని గూర్చి యాకోబు భక్తుడు ఏమన్నాడో మీకు తెలుసు. ప్రభువు చిత్తమైతే అని మనమూ అందాము. అయితే ఆ మాటను వాయిదా వేయడానికి సాకుగా వాడుకోవద్దు. ఈ సాయంకాలం కుటుంబ ప్రార్థన కాగానే క్యాలెండరు దించి, ఒక శనివారానికి సున్నా చుట్టి, ఊరికి ఫోను చేయండి. వెళ్ళేరోజు 121వ కీర్తన చదివి బయలుదేరండి. తిరిగి వచ్చేముందు పెద్దలను ప్రార్థన చేయమని అడగండి. వారి చేతులు మీ పిల్లల తలలమీద పెట్టించుకోండి. ప్రభువు మీ ప్రయాణాన్ని సఫలపరచును గాక. ఆమేన్.