కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పరిశోధన – సైటేషన్ల లెక్కను చదవడమెలా?

విజయనగరం: "ఇన్ని పరిశోధనా పత్రాలు, ఇన్ని సైటేషన్లు, ఇంత హెచ్-ఇండెక్స్" అనే వాక్యం ఆచార్యుల నియామకాలు, పదోన్నతులు, పురస్కారాలకు సంబంధించిన ప్రకటనలలో తరచుగా కనిపిస్తున్నది. కంప్యూటర్ ఆర్కిటెక్చర్ రంగంలో ఈ అంకెలను ఇతర శాస్త్రాల కొలబద్దతో చూసినచో అర్హులకు అన్యాయము జరిగే అవకాశమున్నది. పాత్రికేయ మిత్రుల, అధికారుల సౌకర్యార్థం ఈ వివరణ.

ఆర్కిటెక్చర్ అనగానే భవనాలు స్ఫురించడం సహజం. ఇక్కడ దాని అర్థం వేరు. ప్రాసెసరు ఆదేశాలను ఏ క్రమంలో నిర్వర్తించాలి, మెమొరీ నుండి సమాచారాన్ని ఎంత ముందుగా తెచ్చుకోవాలి, విద్యుత్తును ఎట్లు పొదుపు చేయాలి అనునవి ఈ శాస్త్ర విషయాలు.

ఒక పత్రాన్ని తరువాతి పరిశోధకులు తమ పత్రంలో ఆధారంగా పేర్కొనడమే సైటేషన్. దీనిని క్రమపద్ధతిలో లెక్కించే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఫిలడెల్ఫియాలో వెలువరించారు. 2005లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. కనీసం పదేసి సైటేషన్లు గల పత్రాలు పది ఉంటే ఆ సూచిక 10. ఒకే పత్రానికి వేయి సైటేషన్లు వచ్చి, మరేమీ లేకపోతే అది 1 మాత్రమే!

ఇతర శాస్త్రాలలో జర్నల్‌కు అగ్రస్థానం. ఈ రంగంలో సదస్సుకే ఆ గౌరవం. 1973 నుండి జరుగుతున్న ఇస్కా సదస్సుతో పాటు మైక్రో, హెచ్‌పీసీఏ, ఆస్ప్లాస్ ముఖ్యమైనవి. ఇస్కాకు వచ్చే పత్రాలలో ఆమోదం పొందేవి సుమారు ఐదింట ఒక వంతు. జర్నల్ పత్రాలకే మార్కులు వేసే పట్టికలో ఇట్టి పత్రం విలువ తగ్గిపోతుంది. అంతకంటె విచిత్రమేమనగా, సరళమైన ఆదేశాలతో ప్రాసెసర్లను నిర్మించాలని డేవిడ్ ప్యాటర్సన్, డేవిడ్ డిట్జెల్ 1980లో చేసిన ప్రసిద్ధ ప్రతిపాదన వెలువడినది జర్నల్‌లో కాదు, ఒక వృత్తి సంఘపు వార్తాలేఖలో. నేటి మొబైల్ ఫోన్ల ప్రాసెసర్లు ఆ బాటలోనివే. ఈ విధానంపై కృషికి ప్యాటర్సన్, జాన్ హెన్నెసీలకు 2017 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి, 2001లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందిన ఆచార్య మురళి అన్నవరం కృషి మరొక ఉదాహరణ. మెమొరీ నుండి డేటాను ముందుగానే రప్పించే పద్ధతిపై వారి పత్రం 2001 ఇస్కాలో వెలువడింది. ఇంటెల్ సహచరులతో కలిసి వ్రాసిన మరొక పత్రం 2005లో అదే సదస్సులో వచ్చింది. ఒకే ప్రాసెసరు పనిచేసే దశలో ఆదేశానికి ఎక్కువ విద్యుత్తును, అనేక ప్రాసెసర్లు కలిసి పనిచేసే దశలో తక్కువ విద్యుత్తును కేటాయించడం ఇందలి ఆలోచన. వీరు ప్రస్తుతం దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఈ రెండు పత్రాలూ సదస్సు పత్రాలేనన్నది గమనార్హం.

కాలవ్యవధిని కూడ గమనించాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన డాక్టర్ సి.ఆర్. రావు సాంఖ్యక శాస్త్ర పత్రం 1945లో కలకత్తా గణిత సంఘపు బులెటిన్‌లో అచ్చయింది. అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి వారిని వరించినది 2023లో. నడుమ 78 సంవత్సరాలు. రెండు మూడేండ్ల లెక్కతో తీర్పు చెప్పే పద్ధతికి ఇట్టి పత్రం విలువ ఎన్నటికి తెలియాలి?

అంకె ఎక్కడిదో పేర్కొనడం అవసరం. గూగుల్ స్కాలర్ సిద్ధాంత గ్రంథాలను, ఇంకా అచ్చుకాని ప్రతులను సైతం లెక్కిస్తుంది. అందుచేత ఒకే వ్యక్తికి స్కోపస్‌లో సాధారణంగా తక్కువ అంకె కనిపిస్తుంది. తమ పత్రాలను తామే పేర్కొనే స్వీయ సైటేషన్లు ఇందులో చేరినవో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది. రుసుము చెల్లించిన వెంటనే, పరిశీలన లేకుండా అచ్చువేసే పత్రికల బెడద మరొకటి.

ఆమోదిత పత్రికల జాబితాగా వాడుకలో ఉండిన కేర్ జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. పత్రికల యోగ్యతను నిర్ణయించే బాధ్యత ఇప్పుడు విద్యాసంస్థలదే. విజయనగరంలో 2022లో ఏర్పడిన జె.ఎన్.టి.యు. గురజాడ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం వంటి సంస్థల ఎంపిక సంఘాలు కూడ ఈ ప్రశ్నను ఎదుర్కొనవలసినవే. కంప్యూటర్ రంగపు అభ్యర్థుల విషయంలో సదస్సు పేరు, ఆమోద శాతం, అభ్యర్థి ఉత్తమమని భావించే రెండు మూడు పత్రాల ప్రతులను దరఖాస్తుతో పాటు కోరవచ్చును.